తెలుగులో చదివి వినిపించడమైనది

నాకు నాలుగు భాషలు వచ్చు. తెలుగు ఇంట్లో వచ్చింది, తమిళం వీధిలో, కన్నడం బెంగళూరు బస్సుల్లో, ఇంగ్లీషు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాంట్లోనూ "కాదు" అనే మాట మాత్రం నేర్చుకోలేదు. హోసూరులో ఒక చిన్న కంపెనీ టైమ్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా నెగ్గుకురావడానికి ఆ లోటే నాకు పెద్ద అర్హత అయింది.

మా కంపెనీలో రేకులను ప్రెస్సు మిషన్ల కింద పెట్టి బండ్లకు కావలసిన చిన్న చిన్న భాగాలు కొట్టేవాళ్ళు. మొత్తం అరవై మందిమి. అందులో సగం మంది డెంకణికోట వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, అవసరమైతే కన్నడం కూడా గలగలా మాట్లాడతారు. చదవడం దగ్గరికి వచ్చేసరికి అన్ని భాషలూ వాళ్ళకు సమానమే. కొందరికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. అందుకని చేతికి ఏ కాగితం వచ్చినా టీ టైములో నా కిటికీ ముందుకు తెచ్చేవాళ్ళు. బ్యాంకు నోటీసు, బడి నుంచి వచ్చిన చీటీ, తమిళంలో అచ్చేసిన పెళ్ళి పత్రిక, ఏదైనా సరే. నేను ముందు గట్టిగా చదివి, తర్వాత తెలుగులో అర్థం చెప్పి, కాగితం మడిచి వాళ్ళ జేబులో పెట్టి "ఏమీ లేదు, పో" అనేవాణ్ణి. ఫీజు ఒక టీ.

నిజానికి చాలాసార్లు ఏదో ఒకటి ఉండేది. చెడ్డ కబురైతే కాస్త పిసికి మెత్తగా చేసి చెప్పేవాణ్ణి, పసిపిల్లలకు ముద్ద పెట్టినట్టు. ఆ మెత్తదనానికి మంచితనం అని పేరొచ్చింది. అది మెతకదనమని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

కంపెనీ కూడా నా చదువును బాగానే వాడుకుంది. పనివాళ్ళ చేత సంతకం పెట్టించే ప్రతి కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం టైపు చేసేవాణ్ణి. పై సంగతులన్నీ ఇతనికి తెలుగులో చదివి వినిపించడమైనది, అర్థమైనదని ఒప్పుకొని ఇతను సంతకం చేసినాడు అని. దాని కింద నా సంతకం. అలాంటివి కొన్ని వందలు పెట్టి ఉంటాను. దాదాపు అన్నీ నిజమే. ఇప్పుడు రాస్తున్నది నిజం కాని ఒకదాని గురించి.

అతను నాకు అల్లుడి వరస. మా ఆవిడ పుట్టింటి ఊరివాడు. అడవి అంచున రెండెకరాల రాగి చేను ఉంది. మూడేళ్ళు వరసగా పైరు కోతకొచ్చే వేళకు ఏనుగులు దిగి కోత ముగించుకొని పోయాయి. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "మామా, ఏనుగులకు కూలి లేని పాలేరుగా ఉండాను. యాడన్నా పని చూడు, కూలిచ్చేవాళ్ళ దగ్గర" అన్నాడు. మేనేజరుతో మాట్లాడి హెల్పరుగా పెట్టించాను. మనిషి చురుకు. రెండేళ్ళలో ప్రెస్సు మీద నిలబడ్డాడు.

తెలుగులో చెయ్యి అంటే చెయ్యే, చెయ్యి అంటే పని చేయమనే. ఆ రెండింటినీ భాష ఒకే మాటలో ఎందుకు పెట్టిందో ప్రెస్సు షాపులో తిరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ మిషనుకు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనున్న అచ్చు కిందికి దిగుతుంది. అంటే అది దిగే వేళకు చేతులు రెండూ బయటే ఉంటాయన్నమాట. కానీ అలా చేస్తే గంటకు కొట్టాల్సిన లెక్క రాదు. అందుకని ఒక బటన్‌లో రబ్బరు ముక్క ఇరికించి, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో రేకు జరిపేవాళ్ళు. ఆ సంగతి మేనేజరుకు తెలుసు, నాకు తెలుసు, రబ్బరు ముక్కకు కూడా తెలుసు. ఒక మధ్యాహ్నం అతని ఎడమచేతి మూడు వేళ్ళు అచ్చు కింద ఉండిపోయాయి.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే. తువ్వాలు చుట్టిన చేతిని నా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. దారిలో అతను ఒక్క మాటే అడిగాడు, ఆనాటి తన లెక్క ఎవరన్నా రాసుకున్నారా అని.

అందరికీ బీమా కార్డు ఉండాలి. కొత్తవాళ్ళ పేర్లు పంపే పని నాదే. అతని పేరు పంపుదామా అని అడిగినప్పుడల్లా మేనేజరు "పంపుదాంలే" అనేవాడు. ఆ "లే"తో నేను కూడా లేచి వెళ్ళిపోయేవాణ్ణి. కార్డు లేదు కాబట్టి అతను నష్టపరిహారం కోసం కృష్ణగిరిలో లేబర్ ఆఫీసులో కేసు వేయాల్సి వచ్చింది. అక్కడి లాయరమ్మ ఒకామె కాగితాలన్నీ చూసింది. కంపెనీ అప్పటికి మర్యాదగానే ఉంది. ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంది, నెలనెలా సగం జీతం ఇస్తోంది, చెయ్యి మానాక తేలికపాటి పని ఇస్తామని చెప్పింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ సగం జీతం, తర్వాత ఇస్తామన్న పని, కేసు తేలితే వచ్చే పరిహారం, ఈ మూడింటి మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది.

నాలుగు నెలల తర్వాత మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు. మా సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్ళు తనిఖీకి వస్తున్నారట. ప్రమాదం కేసు ఒకటి నడుస్తోందని తెలిస్తే ఆర్డరు పోతుందట, ఆర్డరు పోతే అరవై మందికీ పని పోతుందట. అలాగని కేసు నడుస్తుండగా అతన్ని పని నుంచి తీసేస్తే అది మన మెడకే చుట్టుకుంటుందని, కాబట్టి తీసేసినట్టు కాక అతనే మానుకున్నట్టు ఉండాలని తమిళంలో చాలా నెమ్మదిగా చెప్పాడు. నన్ను టైపు చేయమన్నది రెండు పేరాలు. నా సొంత ఇష్టంతో పని మానుకుంటున్నాను అని ఒకటి. గాయానికి సంబంధించి నాకు రావలసినవన్నీ ముట్టినాయి, ఇక కంపెనీతో నాకు ఏ తగాదా లేదు అని రెండోది.

రాజీ పడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. రాజీనామా మాత్రం, అదీ ఇంకొకరి పేరుతో, టైపు చేయడం అదే మొదటిసారి.

అతను చదివితే పెట్టడు, నువ్వు చెబితే పెడతాడు అన్నాడు మేనేజరు. తనిఖీ అయిపోగానే గేటు దగ్గర వాచ్‌మన్‌గా తీసుకుంటానని మాట కూడా ఇచ్చాడు. నేను నమ్మాను. నమ్మడం అంత సుఖమైన పని ఇంకొకటి లేదు, నమ్మినవాడికి ఆలోచించే కష్టం ఉండదు. దాని కింద ఇంకొకటి కూడా ఉంది, రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాకు యాభై మూడేళ్ళు. ఈ వయసులో ఈ పని పోతే హోసూరులో నన్ను పెట్టుకునేవాడు ఎవడు అన్న భయం. అల్లుడి వాచ్‌మన్ పని గురించి ఎంత ఆలోచించానో నా కుర్చీ గురించి దానికి పదింతలు ఆలోచించాను.

నెల మొదట్లో సగం జీతం తీసుకోవడానికి అతను వచ్చాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. కాగితం ముందుకు జరిపాను.

"ఏమి కాగితం మామా ఇది?"

"లీవు పొడిగించేది. చెయ్యి మానేదాకా."

"అంతేనా?"

"అంతేనప్పా."

ఇంకేమీ అడగలేదు. కుడిచేత్తో, తెలుగులో, నారు నాటినట్టు ఒక్కొక్క అక్షరం వరసలో పెట్టుకుంటూ సంతకం చేశాడు. కింద నేను చేశాను. అలవాటు కొద్దీ అతను తన చొక్కా జేబు వేలితో తెరిచి పట్టుకున్నాడు, నేను కాగితం మడిచి అందులో పెడతానని. ఇది ఆఫీసు కాపీ అన్నాను. సరేనని జేబు వదిలేసి, టీ తాగినావా మామా అని అడిగి, తనే తెప్పించాడు. ఆ టీ తాగాను.

తనిఖీ బాగా జరిగింది. ఆ తర్వాత వారం తిరక్కుండా అతనికి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పోయింది. మీ రాజీనామా ఆమోదించడమైనది, ఇకపై మీకు కంపెనీ నుంచి జీతం గాని మరే సదుపాయం గాని ఉండదు అని. టైపు చేసింది నేనే, కవరు మీద చిరునామా రాసింది నేనే. గేటు దగ్గర వాచ్‌మన్ పని సంగతి అడిగితే, చూద్దాంలే అన్నాడు మేనేజరు. మళ్ళీ ఆ "లే".

ఆదివారం పొద్దున అతను, భార్య ఇద్దరూ ఆ ఉత్తరం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. చదివించుకోవడానికి. ఇంకెవరి దగ్గరికి పోతారు? నేను టైపు చేసిన ఉత్తరాన్ని నేనే మొదటిసారి చూస్తున్నట్టు, కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకొని మరీ చదివాను. ఒకచోట ఆగి కనుబొమలు కూడా ముడిచాను. కంపెనీవాళ్ళు ఏదో పొరపాటు పడి, పని మానుకున్నట్టు రాశారని చెప్పాను. ఆఫీసులో కాగితాలు కలగాపులగం అయి ఉంటాయన్నాను.

అతని భార్య నేల మీద కూర్చొని ఉంది. తల ఎత్తి నన్నే చూస్తూ అంది, "లీవు కావాలని రాసిచ్చినోనికి, పని మానుకున్నావని జవాబు ఎట్లొచ్చె చిన్నాయనా? నీళ్ళడిగితే బావి పూడ్చినట్టు ఉండాదే."

"మామ కనుక్కుంటాను అంటా ఉండాడు కదా, ఊరికే ఉండు" అని అతను ఆమెను కసిరాడు.

వాళ్ళకు మా ఆవిడ ఉప్మా పెట్టింది. పోయేటప్పుడు ఉత్తరం మడిచి అతని జేబులో పెట్టాను. "ఏమీ లేదు" అనడం మాత్రం ఆ రోజు నాకు చేతకాలేదు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక మా ఆవిడ గిన్నెలు తీస్తూ అడిగింది. ఉత్తరం అడుగున ఎడమపక్క మూలలో రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, అవి మన స్టీలు చెంబు మీద కొట్టించినవే కదా అని. టైపు చేసినవాడి పేరులో మొదటి అక్షరాలు మూలన కొట్టడం నేను ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న పద్ధతి. ఇప్పుడెవరూ కొట్టరు. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు, కానీ తన గిన్నెలు తనకు తెలుసు. నేను కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

లేబర్ ఆఫీసులో విచారణ మామిడికాయల రోజుల్లో వచ్చింది. కృష్ణగిరి దారి పొడుగునా లారీలు, జంక్షన్ దాటాక ముక్కు నిండా పండ్ల వాసన. మేనేజరు కారులో, ముందు సీట్లో, ఇస్త్రీ చొక్కాతో పోయాను. కంపెనీ తరఫు సాక్షిని నేను. సాక్షికి మనస్సాక్షి కూడా ఉండాలని ఎవరూ నిబంధన పెట్టలేదు. అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ చెప్పొద్దు అని కంపెనీ లాయరు దారిలోనే నేర్పాడు.

విచారణాధికారి నా వయసు ఆమె. ఫ్యాను గాలికి లేచే కాగితాల మీద గుండురాయి పెట్టుకొని కూర్చుంది. అతను సంతకం చేసిన కాగితం చూపించి, ఇది ఇతనికి తెలుగులో చదివి చెప్పినావా అని తమిళంలో అడిగింది. చెప్పానన్నాను. ఉన్నది ఉన్నట్టుగానా అంది. ఉన్నది ఉన్నట్టే అన్నాను. నా మాటలు టైపు చేసి, సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆ రోజు నా సంతకం ఎన్నడూ లేనంత అందంగా వచ్చింది.

తర్వాత అతన్ని పిలిచారు. ఆ కాగితం నిజంగా ఏమిటో అప్పటికి అతనికి తెలుసు, వాళ్ళ లాయరమ్మ వరండాలోనే విప్పి చెప్పింది. ఏం చెప్పాలో కూడా చెప్పే ఉంటుంది. లీవు కాగితమని చెప్పి సంతకం పెట్టించుకున్నారు అని ఒక్క మాట. అది నిజం కూడా. అధికారి అడిగింది, ఈయన నీకు ఇందులో ఉన్నది చెప్పినాడా లేదా అని.

అతను నా వైపు చూశాడు. నేను గోడకున్న క్యాలెండరు వైపు చూశాను.

"చెప్పినారమ్మా" అన్నాడు అతను.

లాయరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. అధికారికి కూడా నమ్మకం కలగలేదేమో, మరి తెలిసే సంతకం పెట్టినావా, పని వద్దనుకున్నావా, పరిహారం వద్దనుకున్నావా అని ఒక్కొక్కటీ విడదీసి అడిగింది. అతను కుడిచేత్తో మెడ రుద్దుకున్నాడు. ఆయన చెప్పే ఉంటాడు, నాకే అర్థం కాలేదేమో, తప్పు నాదే అయి ఉంటుంది అన్నాడు. లాయరమ్మ ఇంకొక తేదీ అడిగింది. అధికారి అతన్నీ, లాయరమ్మనీ, నన్నూ మార్చి మార్చి చూసి, తేదీ ఇచ్చింది.

మధ్యాహ్నం మేనేజరు నన్నూ కంపెనీ లాయరునూ మంచి హోటలుకు తీసుకుపోయాడు. సిగ్గుతో ముద్ద దిగలేదని రాస్తే చదవడానికి బాగుంటుంది. దిగింది. రెండోసారి రసం కూడా పోయించుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు జంక్షన్ దగ్గర బస్సుల కోసం నిలబడ్డ జనంలో వాళ్ళిద్దరూ కనిపించారు. అతను వేళ్ళు పోయిన చేతిని తువ్వాలు కింద దాచుకొని నిలబడ్డాడు. భార్య అతనికి నాలుగడుగుల దూరంలో, ఇటు తిరగకుండా నిలబడింది. మేనేజరు కారు నెమ్మది చేసి, మనవైపే కదా, ఎక్కించుకుందామా అని అడిగాడు. ఆయన అడిగాడు, అదీ మర్యాదగా. నేనే అన్నాను, వాళ్ళకు నేరుగా బస్సు ఉంది సార్ అని. లేదు. హోసూరులో దిగి మారాలి. ఈ అబద్ధం నన్నెవరూ చెప్పమనలేదు, దీనికి జీతం కూడా లేదు. అన్నిటికంటే ఇదే నాకు ఎక్కువగా గుర్తొస్తుంది.

ఆ వచ్చిన ఆదివారం డెంకణికోట బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాను. మా ఆవిడకు చెప్పకుండానే. అతను చేను దగ్గర ఉన్నాడు. ఏనుగులు అలికిడికి బెదురుతాయని చేను చుట్టూ తీగ లాగి ఖాళీ డబ్బాలు కడుతున్నాడు. ఎడమచేతికి మిగిలిన బొటనవేలు, చిటికెన వేలు మధ్య తీగ ఇరికించి, రెండో కొస పళ్ళతో పట్టుకొని కుడిచేత్తో మెలి తిప్పుతున్నాడు. నన్ను చూసి పలకరించబోతే నోట్లో తీగ ఉంది. నేను పోయి ఆ కొస పట్టుకున్నాను. నాలుగు గుంజలు అలాగే కట్టాం. అయిదో గుంజ దగ్గర అడిగాను.

"ఆడ అట్ల ఎందుకు చెప్పినావప్పా? నేను లీవు కాగితమనే కదా చెప్పినాను."

"అవును మామా. నాకు తెలుసు."

"మరి?"

"అంతమంది ముందర మా మామ అబద్ధమాడినాడు అనేకి నోరు రాలేదు." అతను డబ్బా ఒకటి తీసుకొని తీగకు తగిలించాడు. "వేళ్ళు ఎట్లాగూ పోయినాయి. నీ మర్యాద కూడా ఎందుకు పోవాల?"

కోపంగా అన్నా, ఎగతాళిగా అన్నా నేను ఏదో ఒకటి జవాబు చెప్పగలిగేవాణ్ణి, మాటలకు నాకు కరువు లేదు. అతను రేపు వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. పెద్దవాణ్ణి, వరసైనవాణ్ణి పరాయివాళ్ళ ముందు పట్టివ్వకూడదు అనేది ఆ పల్లెల్లో ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చే పాఠం. ఆ పాఠం ఉందని నాకూ తెలుసు. లాయరు నేర్పినదాని మీద కంటే దాని మీదే నేను ఎక్కువ భరోసా పెట్టుకొని సాక్ష్యం చెప్పానేమోనని అప్పుడు అనుమానం వచ్చింది. ఇప్పటికీ ఆ అనుమానం తీరలేదు.

వచ్చే తేదీకి నిజం చెబుతానన్నాను. వద్దు మామా, నీ పని పోతాది అన్నాడు. మామకు నీళ్ళు తెమ్మని భార్యను కేకేశాడు. ఆమె చేను గట్టు మీదనే ఉంది, వినిపించే దూరమే. విననట్టు ఇంటివైపు నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆ ఊళ్ళో నన్ను మనిషి కింద లెక్కగట్టినది ఆమె ఒక్కతే అని, బస్సులో వస్తుంటే అనిపించింది.

చెబుతానన్నాను గానీ, చెప్పడానికి పోవడం అంత తేలిగ్గా జరగలేదు. లాయరమ్మను కలవాలని రెండుసార్లు కృష్ణగిరి బస్సెక్కి, రెండుసార్లూ శూలగిరిలో దిగిపోయి, టీ తాగి వెనక్కి వచ్చాను. శూలగిరిలో టీ అంత బాగుండదు. మూడోసారి కిటికీ పక్క సీటు దొరికింది, నా పక్కన ఇద్దరు కూర్చున్నారు, వాళ్ళను దాటుకొని లేవడానికి మొహమాటపడి కూర్చుండిపోయాను. నా ధైర్యం అంతా అదే. ఆ మొహమాటమే నన్ను కృష్ణగిరి దాకా తీసుకుపోయింది.

లాయరమ్మ నా మాటలు రాయించుకుంది. తర్వాతి తేదీన అధికారి ముందు నిలబడి, ఆ కాగితం లీవు కోసమని చెప్పి సంతకం పెట్టించానని, ఉన్నది చెప్పలేదని చెప్పాను. మేనేజరు పక్క కుర్చీలోనే ఉన్నాడు. అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజు చెప్పానన్నావు, ఈ రోజు చెప్పలేదంటున్నావు, ఇందులో ఏ రోజు నిన్ను నమ్మాలి అని అడిగింది.

"ఈ రోజు నమ్మకపోయినా పరవాలేదు మేడమ్" అన్నాను. "ఆ రోజు నమ్మకుండా ఉంటే చాలు."

ఆమె నవ్వలేదు. నవ్వాల్సిన మాట కాదని అన్న తర్వాత నాకూ తెలిసింది. అబద్ధపు సాక్ష్యానికి ఏం చేయవచ్చో తెలుసా అని అడిగి, తెలుసునన్నాక, నన్ను చాలాసేపు నిలబెట్టే ఉంచి, రాసుకుంది. అతను వెనక బెంచీ మీద తల దించుకొని కూర్చున్నాడు. తను మాట్లాడాల్సి వచ్చినప్పుడు కూడా నన్ను తప్పు పట్టలేదు. మామ చెప్పినట్టే జరిగింది అన్నాడు, అంతే.

మరుసటి రోజు మేనేజరు నన్ను తిట్టలేదు. కుర్చీ చూపించి కూర్చోమని, నీ రాజీనామా నువ్వే టైపు చేసుకో అన్నాడు. చేసుకున్నాను. చదివి వినిపించేవాడి అవసరం లేకపోయింది.

కేసు మరో నాలుగు తేదీలు నడిచింది. చివరికి ఆ కాగితం చెల్లదని, పరిహారం వడ్డీతో కట్టాలని ఉత్తర్వు వచ్చింది. పని మాత్రం తిరిగి రాలేదు. అది వేరే కోర్టులో వేరే కేసు, ఇంకొన్ని ఏళ్ళు అన్నదట లాయరమ్మ. ఇక తిరగలేనన్నాడట అతను. "అన్నదట", "అన్నాడట" అని ఎందుకు రాస్తున్నానంటే, ఇవేవీ అతను నాకు చెప్పలేదు. ఉత్తర్వు వచ్చిన సంగతి కూడా మా బావమరిది ద్వారా తెలిసింది. ఆ కాగితాన్ని డెంకణికోటలో మందుల షాపతని చేత చదివించుకున్నాడట.

ఈలోగా నా గురించి ఊళ్ళల్లో ఒక కథ పుట్టింది. సత్యం కోసం ఉద్యోగం వదులుకున్న మనిషినట. ఒక పెళ్ళిలో నన్ను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, పక్కనున్న పెద్దమనిషికి ఆ మాటే చెప్పి పరిచయం చేశారు. కాదని చెప్పాలి. నా ఉద్యోగం పోయింది అసత్యం వల్ల, కాకపోతే కొంచెం ఆలస్యంగా పోయింది. చెప్పలేదు. ముందే రాశాను కదా, ఆ ఒక్క మాట నాకు ఏ భాషలోనూ రాదని. పాయసం బాగుందన్నాను.

పోయిన నెలలో డెంకణికోటలో బ్యాంకుకు పోయాను. వరసలో అతను కనిపించాడు. ఉత్తర్వు ప్రకారం వచ్చిన డబ్బును పిల్లల పేరుతో వేయడానికి వచ్చాడని చేతిలోని ఫారం చూస్తే తెలిసింది. ఫారం ఇంగ్లీషులో, తమిళంలో ఉంది. బాగుండావా మామా, అత్త ఎట్లుండాది అని ఎప్పటిలాగే అడిగాడు. మోకాలు నొప్పి తగ్గిందా అని కూడా అడిగాడు. నేను ఊరికే చేతిలోకి తీసుకున్న పెన్ను మూత తీసి పట్టుకొని ఉన్నాను. అతను ఫారం వైపు చూశాడు, నా పెన్ను వైపు చూశాడు. ఉండు మామా అని, వరసలో ముందున్న ఒక నడివయసు ఆమె దగ్గరికి పోయి, ఇది కాస్త నింపి ఇస్తారా అమ్మా అని అడిగాడు.

ఆమె సంచి పక్కన పెట్టి, కౌంటరు చెక్క మీద ఫారం పరిచింది. ఒక్కొక్క గడి గట్టిగా చదివి, ఇక్కడ మీ పేరు, ఇక్కడ పిల్ల పేరు, ఈ గడిలో ఉన్నదానికి ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి అని తెలుగులో చెబుతూ నింపింది. రెండుచోట్ల అతను మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి, పెన్ను చేతిలోనే పట్టుకొని, చివరి దాకా విన్నాను. ఒక్క గడి కూడా వదల్లేదు.